మేజర్ తేల్చుకోకుండా డిగ్రీలో చేరడం

అమెరికాలో బ్యాచిలర్స్ డిగ్రీకి చేరే విద్యార్థి ఏ సబ్జెక్టులో పట్టా తీసుకోబోతున్నాడో మొదటిరోజే చెప్పనక్కర్లేదు. చాలా విశ్వవిద్యాలయాల దరఖాస్తులో మేజర్ అన్న గడిలో ‘అన్‌డిక్లేర్డ్’ అని పెట్టుకోవచ్చు. కొన్నిచోట్ల దీన్నే ‘అన్‌డిసైడెడ్’, ‘ఎక్స్‌ప్లొరేటరీ’, ‘జనరల్ స్టడీస్’ అంటారు. ఇలా చేరినవాళ్లు ఏడాదో రెండేళ్లో నాలుగు రకాల కోర్సులు చదివి చూసుకుని, ఆ తర్వాత ఏదో ఒక విభాగంలో మేజర్ నమోదు చేయించుకుంటారు.

పదో తరగతి ఫలితాలు వచ్చీరాగానే ఎంపీసీయా బైపీసీయా అని తేల్చేసే మన ఇళ్లకు ఈ పద్ధతి వింతగానూ, కాస్త బాధ్యత లేనిదిగానూ కనిపిస్తుంది. లోపలి ఏర్పాట్లు చూస్తే వ్యవహారం అంత తేలిక కాదని తెలుస్తుంది. విద్యార్థి తన నిర్ణయాన్ని వాయిదా వేసుకోవచ్చు, గిరాకీ ఉన్న సీటు కోసం పోటీని మాత్రం ఎవరూ వాయిదా వెయ్యరు. ఎంట్రన్సులో జరగాల్సిన వడపోత డిగ్రీ మొదటి ఏడాది మార్కుల్లో జరుగుతుంది. కాబట్టి ఈ స్వేచ్ఛ ఎంత నిజమైనదో తెలియాలంటే ఆ విశ్వవిద్యాలయం గొప్పగా చెప్పుకునే ఆశయాలకంటే, ఏ విభాగంలో ఎన్ని సీట్లున్నాయో చూడటం మేలు.

ఎలా నడుస్తుంది

అమెరికన్ డిగ్రీ లెక్కంతా క్రెడిట్లలో ఉంటుంది. సెమిస్టర్ పద్ధతి ఉన్నచోట బ్యాచిలర్స్‌కు సాధారణంగా 120 క్రెడిట్లు కావాలి. ఒక్కో కోర్సుకు 3 లేదా 4 క్రెడిట్లు వస్తాయి. ఈ 120లో కొంత భాగం ‘జెన్ ఎడ్’ అని పిలుచుకునే జనరల్ ఎడ్యుకేషన్, కొంత మేజర్, మిగిలినవి ఇష్టం వచ్చినట్టు నింపుకునే ఎలెక్టివ్‌లు. జెన్ ఎడ్ అందరికీ తప్పదు. కంప్యూటర్ సైన్స్ చదివేవాళ్లూ ఒక చరిత్ర కోర్సో సాహిత్యం కోర్సో చెయ్యాలి. సాహిత్యం చదివేవాళ్లూ ల్యాబ్ ఉన్న సైన్సు ఒకటి పూర్తి చెయ్యాలి. మేజర్ తేలని విద్యార్థి మొదటి ఏడాది చదివేది ప్రధానంగా ఈ జెన్ ఎడ్ వాటానే. ఎప్పటికైనా చదవాల్సినవాటినే ముందు చదువుతాడు గనక ఏడాది వృథా పోయిందన్న మాట రాదు.

ఒక మామూలు మొదటి సెమిస్టర్ తీసుకుందాం. కాల్క్యులస్ 4 క్రెడిట్లు, ఇంగ్లీష్ కంపోజిషన్ 3, ల్యాబ్‌తో కూడిన బయాలజీ 4, సైకాలజీ పరిచయం 3, కొత్త విద్యార్థుల సెమినార్ 1. మొత్తం 15. ఈ అయిదింటితో డిసెంబరుకు చేరిన పిల్లవాడికి దారులు చాలావరకు తెరిచే ఉంటాయి. ఎకనామిక్స్‌కు వెళితే కాల్క్యులస్ అక్కరకొస్తుంది, వైద్యం వైపు మళ్లితే బయాలజీ ఉండనే ఉంది, సైకాలజీ నచ్చితే ఆ విభాగంలో మొదటి మెట్టు అయిపోయినట్టే. అదే విద్యార్థి గణితానికి జడిసి కాల్క్యులస్ బదులు తేలికపాటి లెక్కల కోర్సు పెట్టుకున్నాడనుకోండి. జెన్ ఎడ్ గణితం నిబంధన తీరిపోతుంది, గ్రేడూ బాగా వస్తుంది. కానీ ఇంజనీరింగ్, ఫిజిక్స్, చాలాచోట్ల ఎకనామిక్స్ కూడా ఒక సెమిస్టర్ దూరం జరుగుతాయి. అనుభవమున్న అడ్వైజర్లు ఏమీ తేల్చుకోని విద్యార్థికి కష్టమైన కోర్సునే ముందు తీసుకోమని చెప్పడానికి కారణం ఇదే. తేల్చుకోలేదు కదా అని తేలికైనవి ఏరుకోవడం ఈ పద్ధతిలో అందరికంటే ఎక్కువ నష్టపోయే తీరు.

గడువులు సంస్థను బట్టి మారతాయి. స్టాన్‌ఫర్డ్‌లో రెండో ఏడాది పూర్తయ్యేలోగా మేజర్ ప్రకటించాలి. హార్వర్డ్‌లో మేజర్‌ను ‘కాన్సన్‌ట్రేషన్’ అంటారు, మూడో సెమిస్టర్ నడుస్తుండగా ఎంచుకుంటారు. ప్రిన్‌స్టన్‌లో ఆర్ట్స్, సైన్సు విద్యార్థులకు రెండో ఏడాది వసంతకాలం దాకా గడువుంటే, ఇంజనీరింగ్ వాళ్లు మొదటి ఏడాది చివరే తేల్చాలి. ఎంఐటీలోనూ, కాల్‌టెక్‌లోనూ మొదటి ఏడాది చివర. ప్రకటించడం అనే పని మాత్రం చిన్నది. విభాగంలో ఒక అడ్వైజర్‌ను కలిసి, మిగిలిన సెమిస్టర్లలో ఏమేం చదవాలో ఒక పట్టిక వేసుకుని, ఫారం నింపడం. ఇప్పుడది చాలాచోట్ల ఆన్‌లైన్లో నాలుగు క్లిక్కుల పని.

అసలు ఇంత ఆలస్యం అమెరికాకు ఎలా చెల్లుతుంది? అక్కడ డాక్టరు, లాయరు చదువులు బ్యాచిలర్స్ తర్వాతే మొదలవుతాయి. ‘ప్రీ-మెడ్’ అనేది మేజర్ పేరు కాదు, మెడికల్ కాలేజీలు అడిగే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కోర్సుల జాబితా మాత్రమే. సంగీతంలో మేజర్ చేసినవాళ్లు కూడా ఆ జాబితా పూర్తిచేసి డాక్టర్లు కావచ్చు. పదిహేడేళ్లకే తేల్చాల్సిన పెద్ద వృత్తులు రెండు అలా బరువు దింపేశాయి. దానికి తోడు హైస్కూల్లో గ్రూపులు లేవు, డిగ్రీ నాలుగేళ్లు. ఈ మూడూ లేని దేశానికి అన్‌డిక్లేర్డ్ పద్ధతిని తీసుకెళ్లి అతికిస్తే నిలబడటం కష్టం.

చరిత్ర

వలసకాలపు అమెరికన్ కాలేజీల్లో ఎంచుకోవడమన్న ప్రసక్తే లేదు. లాటిన్, గ్రీకు, గణితం, తర్కం, నీతిశాస్త్రం. ఒక తరగతివాళ్లంతా ఒకే వరసలో చదివేవారు. థామస్ జెఫర్సన్ స్థాపించిన వర్జీనియా విశ్వవిద్యాలయం 1825లో తలుపులు తెరిచినప్పుడు విద్యార్థి తనకు కావలసిన ‘స్కూల్’ ఎంచుకునే వీలు పెట్టింది. మూడేళ్లు తిరక్కుండానే యేల్ అధ్యాపకులు 1828 నాటి నివేదికలో ఇలాంటి స్వేచ్ఛకు ఎదురు వాదన వినిపించారు. ప్రాచీన భాషలు, గణితం మనసుకు సాము నేర్పుతాయని, కాలేజీ పని అదేనని, వృత్తికి సంబంధించిన చదువు తర్వాత చూసుకోవచ్చని వాళ్ల మాట. చాలాకాలం దేశంలో యేల్ మాటే చెల్లింది.

దాన్ని బద్దలు కొట్టింది చార్లెస్ ఇలియట్. 1869లో 35 ఏళ్ల వయసులో హార్వర్డ్ అధ్యక్షుడైన ఈ రసాయన శాస్త్రవేత్త 40 ఏళ్లు ఆ కుర్చీలో కూర్చుని, తప్పనిసరి కోర్సులను ఒక్కొక్కటిగా తీసేస్తూ వచ్చాడు. 1897 నాటికి మొదటి ఏడాది ఇంగ్లీష్ రచన తప్ప తప్పనిసరి అన్నది దాదాపు మిగల్లేదు. ఫలితం ఊహించుకోవచ్చు. శ్రద్ధ ఉన్నవాళ్లు లోతుకు వెళ్లారు, చాలామంది ఉదయం త్వరగా లేవక్కర్లేని పరిచయ కోర్సులు ఏరుకుని పట్టా పట్టుకుపోయారు. 1909లో ఇలియట్ స్థానంలోకి వచ్చిన అబట్ లారెన్స్ లోవెల్ దీనికో రాజీ కుదిర్చాడు. ప్రతి విద్యార్థీ ఒక రంగంలో కొన్ని కోర్సులు లోతుగా చెయ్యాలి, మిగిలినవి వేర్వేరు రంగాలకు పంచుకోవాలి. ఈనాటి మేజర్, జెన్ ఎడ్ పద్ధతులకు మూలం ఆ రాజీలోనే ఉంది. మేజర్, మైనర్ అన్న మాటలు అంతకుముందే, 1870ల్లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో వాడుకలోకి వచ్చాయి.

క్రెడిట్ అనే నాణెం పుట్టుక కథ మరీ సరదాగా ఉంటుంది. 1906 ప్రాంతంలో కార్నెగీ ఫౌండేషన్ కాలేజీ ప్రొఫెసర్లకు పింఛన్లు ఇవ్వడానికి ముందుకొచ్చింది. ఏది కాలేజీ, ఏది కాదు అని తేల్చడానికి, చేరే విద్యార్థి హైస్కూల్లో ఇన్ని గంటల పాఠాలు చదివి ఉండాలని ఒక కొలత పెట్టింది. పింఛను కోసం కాలేజీలన్నీ ఆ కొలత ఒప్పుకున్నాయి. గంటల్లో చదువును కొలిచే అలవాటు అలా దేశమంతా పాకింది. ఏ కోర్సయినా ఇన్ని క్రెడిట్లు అని లెక్క కట్టగలిగినప్పుడే ఒక విభాగంలో చదివినదాన్ని మరో విభాగానికి మోసుకుపోవడం కుదురుతుంది. మేజర్ మార్చుకునే స్వేచ్ఛకు ముసలి ప్రొఫెసర్ల పింఛను ఇలా పునాది వేసింది.

ఆ తర్వాతి దశాబ్దాల్లో లోలకం రెండువైపులా ఊగింది. కొలంబియా 1919లో ‘కాంటెంపరరీ సివిలైజేషన్’ అన్న ఉమ్మడి కోర్సు పెట్టి, ఏ మేజరైనా అందరూ ఇది చదవాల్సిందే అంది. ఆ సంప్రదాయం అక్కడ ఇప్పటికీ నడుస్తోంది. బ్రౌన్ విశ్వవిద్యాలయం దీనికి పూర్తి విరుద్ధంగా పోయింది. ఐరా మాగజినర్, ఎలియట్ మాక్స్‌వెల్ అనే ఇద్దరు విద్యార్థులు తయారుచేసిన నివేదిక ఆధారంగా 1969లో పంపిణీ నిబంధనలన్నీ ఎత్తేసింది. దాన్నే ఇప్పుడు ఓపెన్ కరిక్యులమ్ అంటారు. విద్యార్థులు రాసిన నివేదికతో విశ్వవిద్యాలయం పాఠ్యక్రమం మారడం అప్పటికీ ఇప్పటికీ అరుదైన సంగతే.

సీటు ఎక్కడుంది?

ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో అన్‌డిక్లేర్డ్ అంటే దాదాపు నిజంగానే స్వేచ్ఛ. మొత్తం కాలేజీకే ప్రవేశం ఇస్తారు, విభాగాల మధ్య తలుపులు ఉండవు. పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో కథ వేరు. అక్కడ కంప్యూటర్ సైన్స్, ఇంజనీరింగ్, నర్సింగ్, బిజినెస్ విభాగాలు అధ్యాపకుల సంఖ్యను బట్టి, ల్యాబుల్లో చోటును బట్టి విద్యార్థులను పరిమితం చేస్తాయి. నర్సింగ్‌కైతే ఆసుపత్రుల్లో క్లినికల్ శిక్షణకు దొరికే చోటు అసలైన కళ్లెం.

బర్క్‌లీ ఉదాహరణ చూస్తే సంగతి స్పష్టమవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఈ క్యాంపస్‌లో లెటర్స్ అండ్ సైన్స్ కాలేజీలో చేరినవాళ్లు చాలాకాలం పాటు మేజర్ లేకుండా వచ్చి, తర్వాత కంప్యూటర్ సైన్స్ ప్రకటించుకునేవాళ్లు. దానికి షరతు ఒకటుండేది. సీఎస్ 61ఏ, సీఎస్ 61బీ, సీఎస్ 70 అనే మూడు కోర్సుల్లో కలిపి 4కు 3.3 సగటు తెచ్చుకోవాలి. 61ఏలో ఒక్కో సెమిస్టర్‌లో వెయ్యి మందికి పైగా కూర్చునేవాళ్లు. అంటే చేరేటప్పుడు పోటీ లేదని సంతోషించిన పిల్లలు ఏడాదిన్నర పాటు ప్రతి మిడ్‌టర్మ్‌నూ ఎంట్రన్సులాగే రాసేవాళ్లు. 3.2 వచ్చినవాడికి అప్పటికి మూడు సెమిస్టర్లు గడిచిపోయి ఉండేవి. 2023 నుంచి చేరేవాళ్లకు బర్క్‌లీ ఈ దారి మార్చింది. కంప్యూటర్ సైన్స్‌ను అధిక గిరాకీ మేజర్ల జాబితాలో పెట్టి, దరఖాస్తు దశలోనే ఎంపిక చేస్తోంది. సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం అర్బానా-షాంపేన్ క్యాంపస్ కూడా కంప్యూటర్ సైన్స్‌ను ప్రధానంగా నేరుగా ప్రవేశం ద్వారానే నింపుతాయి. ఇలాంటిచోట అన్‌డిక్లేర్డ్‌గా చేరి, తర్వాత సీఎస్‌లోకి జారుకుందామన్న పథకం ఎక్కువమందికి పారదు. ఈ విషయంలో మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాలకు కాలం చెల్లి చాలాకాలమైంది.

ఇంజనీరింగ్‌లో మధ్యేమార్గం ఒకటి ఉంది. టెక్సస్ ఏ అండ్ ఎంలో కొత్తగా చేరేవాళ్లు చాలావరకు జనరల్ ఇంజనీరింగ్‌లో మొదలుపెడతారు. ఏడాది చివర ‘ఈటీఏఎం’ అనే ప్రక్రియలో బ్రాంచీల వరస రాసిస్తారు. ఇటీవలి సంవత్సరాల్లో గ్రేడ్ల సగటు (జీపీఏ) 3.75 గాని, అంతకు మించి గాని ఉంటే మొదటి కోరిక ఖాయమన్నది అక్కడి నిబంధన. మిగతావాళ్లు రెండో మూడో కోరికలతో సర్దుకోవాల్సి రావచ్చు. పర్డ్యూలోనూ ‘ఫస్ట్ ఇయర్ ఇంజనీరింగ్’ పేరుతో ఉమ్మడి ఏడాది ఉంది. ఈ ఏర్పాటును తెలుగువాడికి వివరించనక్కర్లేదు. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజును ఒక ఏడాది వాయిదా వేస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, కాకపోతే ర్యాంకు స్థానంలో జీపీఏ.

కాబట్టి దరఖాస్తు చేసేవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సంగతి ఒక్కటే: మనసులో ఉన్న రెండు మూడు మేజర్లలో ఏవి తలుపు తీసి ఉంచినవి, ఏవి తాళం వేసినవి? తాళం వేసినది ఒక్కటైనా మనసులో ఉంటే దాన్నే దరఖాస్తులో రాసి, తర్వాత బయటికి మారడం తేలిక. బయటి నుంచి లోపలికి మారడమే కష్టం.

ఆలస్యానికి ధర

మేజర్ ఆలస్యంగా తేలితే డిగ్రీ ఆలస్యమవుతుందా? సబ్జెక్టును బట్టి. చరిత్ర, సోషియాలజీ, ఇంగ్లీష్ వంటివాటిలో కోర్సులు ఒకదానిపై ఒకటి అంతగా ఆధారపడవు, మూడో ఏడాది మొదలుపెట్టినా నాలుగేళ్లలో ముగించవచ్చు. మెకానికల్ ఇంజనీరింగ్‌లో అలా కుదరదు. కాల్క్యులస్ ఒకటి అయితేనే రెండు, దాంతోపాటు ఫిజిక్స్, అది అయితేనే స్టాటిక్స్, ఆ తర్వాతే డైనమిక్స్, సమాంతరంగా డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. గొలుసులో మొదటి లంకె ఒక సెమిస్టర్ ఆలస్యమైతే చివరి లంకె కూడా అంతే ఆలస్యం. కొన్ని కోర్సులు ఏడాదికి ఒక్కసారే చెప్పే చోట ఆ సెమిస్టర్ కాస్తా ఏడాది అవుతుంది.

డబ్బు లెక్క కూడా ఉంది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సహాయం పొందేవాళ్లు డిగ్రీకి అవసరమైన నిడివికి ఒకటిన్నర రెట్లలోపే చదువు ముగించాలి. 120 క్రెడిట్ల డిగ్రీకి ప్రయత్నించిన క్రెడిట్లు 180 దాటకూడదు. టెక్సస్ రాష్ట్రంలో డిగ్రీకి కావలసినదానికంటే 30కి పైగా అదనపు క్రెడిట్లు పోగుచేసినవాళ్ల నుంచి విశ్వవిద్యాలయాలు ఎక్కువ ఫీజు వసూలు చేసుకోవచ్చు.

అయితే ముందే తేల్చుకున్నవాళ్లంతా చెప్పినదానికే కట్టుబడి ఉంటారని అనుకోవడమూ పొరపాటే. అమెరికా విద్యా గణాంకాల జాతీయ కేంద్రం 2011-12లో చదువు మొదలుపెట్టిన విద్యార్థులను మూడేళ్లపాటు అనుసరించి 2017లో ఒక నివేదిక ఇచ్చింది. మేజర్ ప్రకటించిన బ్యాచిలర్స్ విద్యార్థుల్లో 33 శాతం మంది ఆ మూడేళ్లలో కనీసం ఒక్కసారి దాన్ని మార్చుకున్నారు. గణితం మేజర్‌గా మొదలుపెట్టినవాళ్లలో మార్చుకున్నవాళ్లు 52 శాతం. దరఖాస్తులో ధైర్యంగా ఒక పేరు రాసినవాళ్లలో చాలామంది తెలియకుండానే అన్‌డిక్లేర్డ్ అన్నమాట. తేడా ఏమిటంటే, తెలిసి అన్‌డిక్లేర్డ్‌గా చేరినవాళ్లకు దారి వెతకడంలో సాయపడే అడ్వైజర్ ఉంటాడు, వీళ్లకు చాలాసార్లు ఉండడు.

ముందే తేల్చడం మంచిదా, ఆగి తేల్చడం మంచిదా అన్నదానికి చక్కని పరీక్ష బ్రిటన్‌లో సహజంగా దొరికింది. ఇంగ్లండ్ విద్యార్థి ఒక సబ్జెక్టుకు దరఖాస్తు చేసి మూడేళ్లు దాన్నే చదువుతాడు. స్కాట్లండ్‌లో డిగ్రీ నాలుగేళ్లు, మొదటి రెండేళ్లు రెండు మూడు సబ్జెక్టులు కలిపి చదివే వీలుంటుంది. ఉద్యోగాల బజారు మాత్రం రెండింటికీ ఒకటే. ఆర్థికవేత్త ఓఫర్ మలముద్ ఈ రెండు దేశాల పట్టభద్రులను పోల్చి చూస్తే, త్వరగా తేల్చుకున్న ఇంగ్లండ్‌వాళ్లే చదివిన రంగానికి సంబంధం లేని ఉద్యోగాల్లోకి ఎక్కువగా మళ్లారని తేలింది. త్వరగా ఎంచుకోవడంలో లోతు లాభమైతే, తప్పుగా ఎంచుకోవడం దాని ఖర్చు. ఈ అధ్యయనం ఆ ఖర్చును అంకెల్లోకి తెచ్చింది. సివిల్ ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ కోచింగ్ కోసం అమీర్‌పేటలో గది అద్దెకు తీసుకున్న తరాలను చూసినవాళ్లకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

అడ్వైజింగ్

తేల్చుకోని విద్యార్థిని ఎవరు చూసుకోవాలి అన్నది 1970ల నుంచి పెద్ద ప్రశ్నయింది. ఏ విభాగానికీ చెందని వాడు ఎవరికీ చెందడు. పెన్ స్టేట్ 1973లో ఇలాంటివాళ్ల కోసమే అండర్‌గ్రాడ్యుయేట్ స్టడీస్ డివిజన్ ఏర్పాటు చేసింది. 1979లో అడ్వైజర్ల జాతీయ సంఘం నకాడా పుట్టింది. ఒహాయో స్టేట్‌లో పనిచేసిన వర్జీనియా గోర్డన్ 1984లో తేల్చుకోని విద్యార్థుల మీదే ఒక పుస్తకం వెలువరించారు. తేల్చుకోకపోవడాన్ని లోపంగా చూడనక్కర్లేదని, ఎదుగుదలలో ఒక దశగా చూడాలన్నది ఆ తరం అడ్వైజర్ల వైఖరి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం 2008లో ఇలాంటి విద్యార్థులను చేర్చుకునేందుకు ఒక ప్రత్యేక స్కూలే తెరిచింది.

ఇటీవలి ధోరణి మళ్లీ కాస్త బిగించడం వైపు. పూర్తి స్వేచ్ఛ ఇస్తే తల్లిదండ్రుల్లో ఎవరూ కాలేజీ మొహం చూడని ఇళ్ల పిల్లలే ఎక్కువగా దారి తప్పుతున్నారని గమనించిన సంస్థలు ‘మెటా మేజర్’ అనే ఏర్పాటు తెచ్చాయి. ఆరోగ్యం, బిజినెస్, సైన్స్-టెక్నాలజీ, సామాజిక శాస్త్రాలు వంటి పెద్ద గుంపుల్లో ఒకటి మొదటే ఎంచుకోవాలి, ఆ గుంపు లోపల మేజర్ తర్వాత. జార్జియా స్టేట్ ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చుకుంది. ఒక రకంగా చూస్తే ఇది మన ఇంటర్ గ్రూపులకు దూరపు చుట్టం, కాకపోతే గ్రూపు మారడం ఇంత ప్రాణం మీదికి రాదు.

ఇతర దేశాల్లో

జపాన్‌లో టోక్యో విశ్వవిద్యాలయం పద్ధతి విడిగా చెప్పుకోదగ్గది. ఏటా చేరే మూడువేల మందికి పైగా విద్యార్థులు, తర్వాత ఏం చదవబోయేవాళ్లయినా, మొదటి రెండేళ్లు కొమాబా క్యాంపస్‌లోని కాలేజ్ ఆఫ్ ఆర్ట్స్ అండ్ సైన్సెస్‌లోనే ఉంటారు. ప్రవేశం ఆరు పాయల్లో ఉంటుంది, మానవీయ శాస్త్రాల వైపు మూడు, ప్రకృతి శాస్త్రాల వైపు మూడు. రెండో ఏడాది వేసవిలో అప్పటిదాకా వచ్చిన మార్కులను బట్టి ఎవరు ఏ ఫ్యాకల్టీకి వెళ్లాలో తేలుతుంది. దేశంలోనే కఠినమైన ఎంట్రన్సు దాటి వచ్చినవాళ్లు మళ్లీ ఏడాదిన్నర పాటు ఒకరితో ఒకరు పోటీపడతారు. గిరాకీ ఉన్న విభాగానికి ఎక్కువ సగటు, లేనిదానికి తక్కువ. బర్క్‌లీలో కంప్యూటర్ సైన్స్ ఒక్కదానికే జరిగింది ఇక్కడ విశ్వవిద్యాలయమంతటా, బాహాటంగా జరుగుతుంది. పద్ధతి కఠినమే, కానీ విద్యార్థికి దాపరికం లేదు. ఏ సగటుకు ఏ తలుపు తెరుచుకుంటుందో ముందేడాది అంకెలు చూసి అంచనా కట్టుకోవచ్చు.

చైనాలో పెకింగ్ విశ్వవిద్యాలయం మేజర్ ముందే తేల్చకుండా చదివేందుకు 2001లో మొదలుపెట్టిన యువాన్‌పెయ్ కార్యక్రమం తర్వాత కాలేజీగా ఎదిగింది. దక్షిణ కొరియాలో సియోల్ నేషనల్ విశ్వవిద్యాలయం 2009లో మేజర్ లేకుండా చేర్చుకునే కాలేజీ తెరవగా, 2025 ప్రవేశాల నుంచి ప్రభుత్వం ఇలాంటి సీట్లు పెంచమని విశ్వవిద్యాలయాలను నిధులతో ప్రోత్సహిస్తోంది. పిల్లలంతా ఒకటి రెండు విభాగాల మీదే పడతారని, భాషా సాహిత్య విభాగాలు ఖాళీ అవుతాయని అక్కడి అధ్యాపకులు భయపడుతున్నారు. ఆ భయంలో నిజముంది.

భారతదేశం, తెలుగు రాష్ట్రాలు

భారతదేశంలో ఈ పద్ధతి మొదట గట్టిగా వేళ్లూనుకున్నది సైన్సులో. 2006లో పుణె, కోల్‌కతాలతో మొదలైన ఐఐఎస్ఈఆర్ అనే సైన్సు విద్యాసంస్థల అయిదేళ్ల బీఎస్-ఎంఎస్‌లో మొదటి రెండేళ్లు భౌతిక, రసాయన, జీవ, గణిత శాస్త్రాలను కలిపి చదవాలన్నది మూలరూపం. మేజర్ ఆ తర్వాత. ఇంటర్‌లో బైపీసీ చదివిన అమ్మాయి ఇక్కడ మళ్లీ గణితంతో కుస్తీ పట్టాలి, ఎంపీసీ అబ్బాయి కణం లోపలి భాగాల బొమ్మలు గీయాలి. 2015లో మొదలైన తిరుపతి ఐఐఎస్ఈఆర్ ద్వారా ఈ చదువు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ 2011లో తెచ్చిన నాలుగేళ్ల బ్యాచిలర్స్‌లోనూ మొదటి మూడు సెమిస్టర్లు ఉమ్మడివే. లిబరల్ ఆర్ట్స్ వైపు సోనీపత్‌లోని అశోకా విశ్వవిద్యాలయం, మన శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం అమెరికన్ నమూనాకు దగ్గరగా నడుస్తాయి. ఫీజులు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయి గనక వీటి స్వేచ్ఛ అందేది కొద్దిమందికే.

2020 జాతీయ విద్యా విధానాన్ని అనుసరించి యూజీసీ 2022 డిసెంబరులో డిగ్రీ చట్రం ప్రకటించింది. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160, మొదటి ఏడాది చివర మేజర్ మార్చుకునే వీలు. ఆంధ్రప్రదేశ్ 2023-24లో డిగ్రీ కాలేజీల్లో సింగిల్ మేజర్ పద్ధతి ప్రవేశపెట్టింది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అంతకుముందు నడిచిన బీఎస్సీ ఎంపీసీ, బీజెడ్‌సీ వంటి మూడు సబ్జెక్టుల డిగ్రీల్లో విద్యార్థి మూడింటినీ సమానంగా చదివి, ఎమ్మెస్సీ దాకా తేల్చకుండా ఉండగలిగేవాడు. పట్టించుకోలేదు గానీ, అది అచ్చంగా ఆలస్యంగా తేల్చుకునే డిగ్రీయే. సంస్కరణ వచ్చాక చేరేరోజే ఒక మేజర్ రాయాల్సి వచ్చింది. వెసులుబాటు పేరుతో వచ్చిన మార్పు ఈ ఒక్క విషయంలో వెనక్కి నడిచింది.

ఇంజనీరింగ్‌లో తెలుగునాట అన్‌డిక్లేర్డ్‌కు అసలైన ఉదాహరణ ఆర్‌జీయూకేటీ, అందరి నోటా ట్రిపుల్ ఐటీ. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో మొదలుపెట్టిన ఈ విశ్వవిద్యాలయం పదో తరగతి మార్కులతో పిల్లలను చేర్చుకుంటుంది. ఆరేళ్ల చదువులో మొదటి రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. చేరిన రోజున ఎవరికీ బ్రాంచి ఉండదు. పీయూసీ మార్కుల వరస, రిజర్వేషన్లు చూసి సీఎస్ఈ, ఈసీఈ, మెకానికల్, సివిల్, కెమికల్ వంటి బ్రాంచీలు కేటాయిస్తారు. ఊళ్లో సర్కారు బడి నుంచి వచ్చిన పిల్లకు, ఎంట్రన్సు కోచింగ్ అంటే తెలియకముందే బ్రాంచి తేల్చాల్సిన అవసరం తప్పడం ఇందులో పెద్ద ఊరట. అయితే కౌన్సెలింగ్ రోజున సీఎస్ఈ ముందు నిండిపోవడం, మెటలర్జీ చివరిదాకా మిగలడం ఎక్కడైనా ఒకటే.

మిగతా ఇంజనీరింగ్ అంతా ఈఏపీసెట్ ర్యాంకు, వెబ్ ఆప్షన్ల మీదే నడుస్తుంది. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ జంటగా పెట్టడమే తప్ప, కాలేజీ చాలు బ్రాంచి తర్వాత అనే ఆప్షన్ లేదు. ఉన్న కాలేజీలోనే బ్రాంచి మారడానికి ఇంటర్నల్ స్లైడింగ్ ఒక సన్నటి సందు. ఐఐటీల్లో మొదటి ఏడాది సీజీపీఏను బట్టి బ్రాంచి మార్చుకునే వీలుండేది. దానికోసం పిల్లలు పడే ఒత్తిడి చూసి కొన్ని ఐఐటీలు ఇటీవల దాన్ని ఎత్తేశాయి.

అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులకు

మనవాళ్లలో ఎక్కువమంది ఎంఎస్‌కు వెళ్తారు గనక ఈ ప్రశ్న రాదు. ఇంటర్ తర్వాతే బ్యాచిలర్స్‌కు వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఎఫ్-1 వీసాకు ఇచ్చే ఐ-20 పత్రం మీద చదివే రంగానికి ఒక కోడ్ ఉంటుంది. మేజర్ తేలాక విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం ద్వారా దాన్ని మార్పించుకోవాలి. ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు ఉండాలన్న నిబంధన వీళ్లకు కఠినంగా వర్తిస్తుంది. నచ్చలేదని సెమిస్టర్ మధ్యలో ఒక కోర్సు వదిలేస్తే 12 కిందికి పడి వీసా హోదాకే ఎసరు రావచ్చు. స్థానిక విద్యార్థి స్వేచ్ఛగా చేసే ప్రయోగాలు వీళ్లు ఒక కోర్సు అదనంగా పెట్టుకుని చెయ్యాలి.

చదువుతుండగా పనిచేసేందుకు ఇచ్చే సీపీటీ అనుమతి కింద చేసే ఇంటర్న్‌షిప్ మేజర్‌కు సంబంధించినదై ఉండాలి, కాబట్టి మేజర్ తేలనివాళ్లకు ఆ దారి ఇబ్బందిగా ఉంటుంది. డిగ్రీ తర్వాత అందరికీ 12 నెలల ఓపీటీ అనే పని అనుమతి ఉంటే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలోని కోడ్ ఉన్న డిగ్రీలకు ప్రస్తుత నిబంధనల ప్రకారం మరో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. పట్టా మీద ఒకటే పేరున్నా విశ్వవిద్యాలయాన్ని బట్టి కోడ్ వేరు కావచ్చు. ఎకనామిక్స్ దీనికి మంచి ఉదాహరణ. చాలా విశ్వవిద్యాలయాలు తమ ఎకనామిక్స్ మేజర్‌ను ‘ఎకనోమెట్రిక్స్ అండ్ క్వాంటిటేటివ్ ఎకనామిక్స్’ కోడ్‌లోకి మార్చుకున్నాయి, అది స్టెమ్ జాబితాలో ఉంది, మామూలు ఎకనామిక్స్ కోడ్ లేదు. రెండు మేజర్ల మధ్య ఊగిసలాడే విద్యార్థి సబ్జెక్టు సిలబస్‌తో పాటు ఆ ఆరంకెల కోడ్‌ను కూడా విభాగంలో అడిగి తెలుసుకోవడం మంచిది, ప్రకటించే ఫారం మీద సంతకం పెట్టేలోపే.